పెద్దలకే ఈ పిలుపు: మే 9 లోపు మీ ఆదివారాలు కొన్ని ఇవ్వండి

లాల్‌దర్వాజా, గౌలిపుర, ఉప్పుగూడ, ఛత్రినాక, అలియాబాద్, హరిబౌలి, సుల్తాన్‌షాహీ, మొగల్‌పుర బస్తీల అన్నలారా, అక్కలారా, అమ్మలారా!

ఈ కరపత్రం పిల్లల కోసం వేసిందే. పిలుపు మాత్రం మీకు. కుట్టుమిషను తొక్కేవాళ్లకు, కరెంటు పనివాళ్లకు, మేస్త్రీలకు, మెకానిక్కులకు, గాజుల పనివాళ్లకు, కొలువు చేసి రిటైరైన పెద్దలకు, డిగ్రీ ముగించి ఉద్యోగం కోసం చూస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వంటపని అయ్యాక మధ్యాహ్నం కాస్త తీరిక దొరికే తల్లులకు.

వేసవి సెలవులు వచ్చేస్తున్నాయి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు తాళం. ఇరుకు ఇల్లు, బయట ఎండ, చేతిలో ఫోను. కొందరు పిల్లలు ఈ సెలవుల్లోనే ఏదో ఒక దుకాణంలో చేరతారు, జూన్‌లో మళ్లీ బడి మొహం చూడరు. ఈ నెలన్నర ప్రతి గల్లీలో పదిమంది పిల్లలు వారానికి రెండుసార్లయినా ఒకచోట చేరాలి. తమ చేతులతో ఏదైనా చేయాలి, కొలవాలి, విప్పాలి, బిగించాలి, ఎందుకలా అయిందో వాదించుకోవాలి. ఇదీ మా కోరిక. గది ఎవరో ఒకరు ఇస్తారు. సామాను చాలావరకు చెత్తబుట్టలోనే దొరుకుతుంది. దొరకనిది పిల్లల పక్కన కూర్చునే పెద్దమనిషి. అలా ఎట్లా కూర్చోవాలో తెలిసిన పెద్దమనిషి మరీ అరుదు. ఆ నేర్పు ఎవరికీ పుట్టుకతో రాదు, బి.ఇడి. చేసినంత మాత్రాన కూడా రాదు. అందుకే ముందు పెద్దలకు శిక్షణ పెడుతున్నాం.

మిట్టమధ్యాహ్నం నీడ ఉంటుందా?

మిమ్మల్ని ఒక మాట అడుగుతాం. పగలు పన్నెండింటికి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, అప్పుడు నీడ పడదు. ఔనా? చాలామంది ఔననే అంటారు. చిన్నప్పటి నుంచి విన్నది అదే. కానీ ఇంటి ముందు ఒక కర్ర పాతి చూడండి. హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండే రోజులు. మొదటిది మే 9 ప్రాంతంలో, రెండోది ఆగస్టు మొదటి వారంలో. ఆ రెండు రోజుల్లో నిటారుగా నిలబెట్టిన వస్తువుకు కాసేపు నీడ కనిపించకుండా పోతుంది. మిగతా రోజుల్లో ఎంత ఎండలోనైనా ఎంతో కొంత నీడ ఉండి తీరుతుంది. పైగా మేలో అది జరిగేది పన్నెండింటికి కూడా కాదు, 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో.

ఆ పన్నెండు నిమిషాలు ఎక్కడివి? దేశమంతటా గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తాయి. ఆ గీత కాకినాడకు దగ్గరగా పోతుంది. మన చార్మినార్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. ఒక్కో డిగ్రీ దాటడానికి సూర్యుడికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి కాకినాడలో నడినెత్తికొచ్చిన పదిహేను పదహారు నిమిషాలకు గానీ మన దగ్గరికి రాడు. సూర్యుడి చుట్టూ భూమి తిరిగే తీరు వల్ల నెలను బట్టి ఇంకొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతాయి. మేలో ఆ తేడా వల్ల అందులోంచి మూడు నాలుగు నిమిషాలు తగ్గుతాయి. పుస్తకంలో ఇది నాలుగు వాక్యాలు, చదివి మరిచిపోతాం. తన చేత్తో చుక్కలు పెట్టి, నీడ ఏ నిమిషానికి మాయమైందో రాసుకుని, "మన గడియారం తప్పా అన్నా?" అని అడిగిన పిల్లకు ఇవే నాలుగు వాక్యాలు చెప్పి చూడండి. ఆ పిల్ల ఇంటికెళ్లి వాళ్ల నాన్నను కూచోబెట్టి మరీ చెబుతుంది.

శిక్షణ మొదటి ఆదివారం మీరు చేయబోయేది ఇదే. డాబా మీద చదునైన చోట అట్ట పరిచి, పొడుగాటి బోల్టును తల కిందికి పెట్టి నిలబెడతాం. అది నిటారుగా ఉందని ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ డిగ్రీలున్నవాళ్లు ఆగిపోతారు. మేస్త్రీ తన సంచిలోంచి దారానికి కట్టిన గుండు తీసి వేలాడదీస్తాడు, ఒక కన్ను మూసి చూస్తాడు, కింద చిన్న కాగితం ముక్క దూరుస్తాడు. అందరూ ఆయన దగ్గర నేర్చుకుంటారు. పదకొండున్నర నుంచి అయిదు నిమిషాలకోసారి నీడ కొసన పెన్సిలుతో చుక్క పెట్టి పక్కన టైము రాయాలి. పన్నెండున్నర దాటేసరికి చుక్కలన్నీ ఒక వరుసకు వస్తాయి. అన్నిట్లోకి పొట్టి నీడ ఏదో వెతికితే, ఏప్రిల్‌లో అది ఉత్తరం వైపు పడుతుంది. మే 9 దాటాక అదే మధ్యాహ్నపు నీడ దక్షిణానికి తిరుగుతుంది, ఆగస్టు దాకా అటే ఉంటుంది. యాభై ఏళ్లుగా ఇదే బస్తీలో ఉంటున్నవాళ్లలో ఎందరు గమనించి ఉంటారు? ఆ ఆశ్చర్యం ముందు మీకు కలగాలని మా పట్టుదల. పెద్దలు తాము చేయని ప్రయోగాన్ని పిల్లలతో చేయించకూడదన్నది మేం పెట్టుకున్న మొదటి నియమం.

మాట ఆపుకోవడమే కష్టం

ఇంకో పని వానది. 2020 అక్టోబరు 13 రాత్రిని మన బస్తీలు మరిచిపోలేవు. ఛత్రినాక, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు పోయాయి. ఆ ఒక్కరోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా వాన పడిందని లెక్క ఉంది. మన గల్లీలో ఎంత పడింది? ఎవరి దగ్గరా లెక్క లేదు. ఈసారి మృగశిర కార్తె వచ్చేలోపు ప్రతి బస్తీలో పిల్లలు చేసిన వాన కొలిచే సీసా ఒక డాబా మీదైనా ఉండాలి.

చేయడం తేలికే. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను మెడ సన్నబడే చోట కోసి, ఆ పైముక్కను తలకిందులుగా గరాటులా అందులోనే పెట్టాలి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకని చిన్న రాళ్లు వేసి, గోడలు తిన్నగా మొదలయ్యే దాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీయాలి. పైకి మిల్లీమీటర్ల కాగితం అతికించాలి.

ఇంతలో ఒక పాప అంటుంది: "సీసా సన్నగుంది కదన్నా, ఇందులో వాన తక్కువ చూపిస్తది. పెద్ద డబ్బా పెడితే ఎక్కువొస్తది."

మీకు జవాబు తెలుసు. నాలుక చివర ఉంది. "కాదమ్మా, వెడల్పు పెరిగితే పడే నీళ్లూ పెరుగుతాయి, పరుచుకునే చోటూ పెరుగుతుంది, ఎత్తు ఒకటే" అని అరనిమిషంలో చెప్పేయొచ్చు. పాప తల ఊపుతుంది. మర్నాడు అడిగితే ఏమీ మిగలదు. శిక్షణ పొందిన పెద్దమనిషి అక్కడ ఆగుతాడు. "అట్లనా? ఎట్ల తెలుసుకుందాం?" అని అడుగుతాడు. పిల్లలే రెండూ పక్కపక్కన పెడదామంటారు. గోడలు నిటారుగా ఉన్న డబ్బా కావాలి కాబట్టి ఇంట్లో గిన్నెలన్నీ తిరగేస్తారు, కిందికి సన్నబడే బకెట్టు పనికొస్తుందా రాదా అని కొట్లాడుకుంటారు. ఆ తర్వాత వాన కోసం ఆగాలి. రెండు రోజులో వారమో పట్టొచ్చు. ఆ వారమంతా ప్రశ్న వాళ్లతోనే ఉంటుంది. వాన వెలిశాక స్కేలు దించితే సన్న సీసాలో, పెద్ద డబ్బాలో ఎత్తు దాదాపు ఒకటే. ఇప్పుడు వివరణ కావాలని పిల్లలే అడుగుతారు. చాలాసార్లు వాళ్లలోనే ఎవరో ఒకరు చెప్పేస్తారు కూడా.

ఎత్తులు కలవకపోతే? ఒక డబ్బా గోడ చాటున ఉండిపోయి ఉంటుంది, లేదా చూరు నీళ్లు పడి ఉంటాయి. దయచేసి "ఫెయిలైంది" అనకండి, పిల్లలు చూడకుండా సర్దకండి. తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడమే ఆ రోజు పని. మా లెక్కలో అదే అన్నిటికంటే మంచి రోజు.

ఈ ఆగడం రావడానికే సాధన కావాలి. శిక్షణలో ఇద్దరిద్దరు కూర్చుంటారు. ఒకరు చిన్నపిల్లలా బ్యాటరీ సెల్లు, వైరు ముక్క, టార్చి బల్బు పట్టుకుని వెలిగించే ప్రయత్నం చేస్తారు. రెండోవారు చేతులు వెనక్కి కట్టుకోవాలి. వైరు ముట్టుకోకూడదు, "అక్కడ కాదు, ఇక్కడ" అనకూడదు, ప్రశ్న మాత్రమే అడగొచ్చు. అలా మూడు నిమిషాలు. పని బాగా తెలిసినవాళ్లకే ఇది కష్టం. ఇరవై ఏళ్లు కరెంటు పని చేసిన చేతికి, తప్పుగా తగిలించిన వైరును చూస్తూ ఊరుకోవడం ఎంత బాధో మాకు తెలుసు. అయినా ఊరుకోవాలి. ఎందుకంటే బల్బు వెలిగించడం ఆ కరెంటు మేస్త్రీకి ఎప్పుడో వచ్చు. నేర్చుకోవాల్సింది పాప. ఇక జవాబు నిజంగానే తెలియని చోట "నాకు తెలియదమ్మా, చూద్దాం" అనడం కూడా సాధన చేయాల్సిందే. మనలో పెద్దరికం అడ్డొచ్చేది అక్కడే.

మనకంటే ముందు నడిచినవాళ్లు

ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హొషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు సైన్సును ప్రయోగాలతో నేర్పే కార్యక్రమం మొదలుపెట్టాయి. అక్కడి టీచర్లు వేసవి సెలవుల్లో విద్యార్థుల్లా జట్లు కట్టి కూర్చుని, పిల్లలు చేయబోయే ప్రయోగాలను ముందు తామే చేశారు, తప్పులు చేశారు, వాదించుకున్నారు. తర్వాత ఏకలవ్య సంస్థ ఆ పనిని అందుకుంది. 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా మూడు దశాబ్దాలు అది నడిచింది. ఆపేయడం పెద్ద నష్టమని మా అభిప్రాయం. 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడికి వెళ్లిన ఇంజనీరు అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వాల్వు ట్యూబు ఇప్పటికీ సైకిలు దుకాణంలో కొన్ని రూపాయలకు దొరుకుతుంది. మూడు పుల్లలతో చేసిన త్రికోణం నొక్కినా కదలదు, నాలుగు పుల్లల చతురస్రం ఒరిగిపోతుంది. రేకుల షెడ్డు ఇనుప దూలాల్లో అన్నీ త్రికోణాలే ఎందుకుంటాయో వెల్డింగు పనివాళ్లకు తెలిసిన సంగతి పిల్లల చేతికి అలా అందుతుంది.

రామ్‌జీ రాఘవన్ 1999లో నెలకొల్పిన, కుప్పం దగ్గర ప్రాంగణం ఉన్న అగస్త్య ఫౌండేషన్ ప్రయోగాల సామాను బండ్లలో ఊళ్లకు తీసుకెళుతుంది, పిల్లల్లోనే కొందరిని తోటి పిల్లలకు నేర్పేవాళ్లుగా తయారుచేస్తుంది. అంతకు ముందే నెల్లూరు జిల్లా ఇంకో సంగతి చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో ఊళ్లలో చదువుచెప్పింది ఎక్కువగా ఆ ఊరి వాలంటీర్లే. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు అందులో ముందు నిలిచారు. రాత్రి బడిలో చదివిన, మాట్లాడుకున్న దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. జీతం లేని, పెద్ద చదువుల్లేని మనుషులు కొద్దిపాటి శిక్షణతో ఎంత దూరం వెళ్లగలరో తెలుగునేల ఒకసారి చూసింది.

చేతిపని వేరు, చాకిరీ వేరు

ఒక విషయం తేటగా చెప్పాలి. చేతులతో నేర్చుకోవడం అనగానే పాతబస్తీలో కొందరికి వేరే అర్థం తోస్తుంది. 2015 జనవరిలో మన బస్తీల్లో పోలీసులు సోదాలు చేస్తే రెండు వందల మందికి పైగా పిల్లలు గాజుల కార్ఖానాల్లో దొరికారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవాళ్లు. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పనితనం మనందరి గర్వం. ఆ పిల్లల సంగతి మనందరి సిగ్గు. రెండూ ఒకే బజారువి, ఒకటి చెప్పి రెండోది దాచడం మాకు చేతకాదు.

కార్ఖానాలో పిల్లవాడు ఒకే పని పొద్దుటి నుంచి రాత్రి దాకా చేస్తాడు. ప్రశ్న అడిగితే దెబ్బ, పగలగొడితే దెబ్బ, లేచి వెళ్లిపోయే హక్కు లేదు. మా దగ్గర అడగొచ్చు, పాడుచేయొచ్చు, విసుగొస్తే లేచిపోవచ్చు. చేసిన వస్తువు పిల్లలదే, దాన్ని ఎవరూ అమ్మకూడదు. లక్క వేడికి మెత్తబడి చల్లారితే గట్టిపడటం చూపించే గాజుల పనివారికి మా స్వాగతం. నిప్పు దగ్గర కూర్చునేది ఆయన ఒక్కరే, పిల్లలు దూరంగా కూర్చుని చూస్తారు, అడుగుతారు. దుకాణానికి పోరల్ని వెతుక్కుందామని వచ్చేవాళ్లు మాత్రం రావద్దు. మీ ఎరుకలో ఏ పిల్లయినా పనిలో ఉంటే 1098కి ఫోను చేయండి. ఎం.వి. ఫౌండేషన్ 1990లలో రంగారెడ్డి జిల్లా ఊళ్లలో వేలమంది పిల్లల్ని పనిలోంచి బడికి మళ్లించింది. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఇంటింటికీ తిరిగింది అక్కడ కూడా ఆ ఊళ్ల యువతీయువకులే.

బడి పనిని మేం నెత్తికెత్తుకుంటున్నామని కూడా అనుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనిపెడుతూ నేర్చుకోవాలని రాసి ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. బడి చేయాల్సింది బడి చేయాలి, టీచర్ల ఖాళీలు నింపాలి. అది అడుగుతూనే ఉంటాం. ఇది విద్యా వాలంటీరు పోస్టు కూడా కాదు, జీతం ఉండదు, సర్టిఫికెట్టు ఆశ పెట్టం.

మీ సందేహాలకు

నాకు చదువు లేదు అంటారా, పైన చెప్పిన మేస్త్రీని తలుచుకోండి. ఇంగ్లిష్ రాదు అంటారా, మన గల్లీలో ఒక ఇంట్లో ఉర్దూ మీడియం, పక్కింట్లో తెలుగు మీడియం, ఎదురింట్లో ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం. బోల్టు నీడ ముగ్గురికీ ఒకటే. మాకు తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడేవాళ్లు కావాలి, ఒక్కటే వచ్చినవాళ్లను జోడీ కలుపుతాం. వారానికి రెండు గంటలు కూడా కుదరనివాళ్లు నెలకోసారి మీ పనిముట్లతో వచ్చి కూర్చోండి.

ఆడవాళ్లతో ప్రత్యేకంగా ఒక మాట. మీరు రాకపోతే ఆడపిల్లలు రారు. తల్లిదండ్రులు పంపరు, వాళ్లను తప్పుపట్టలేం. అందుకే ప్రతి జట్టులో ఒక అక్కో అమ్మో లేనిదే ఆ గల్లీలో మొదలుపెట్టకూడదనుకున్నాం. ఎవరింట్లోనైనా వరండా ఇస్తే పగటిపూటే ముగించేస్తాం. కుట్టుపనిలో కొలతలు, పిండి పులియడం, కుక్కర్ విజిల్ ఇవన్నీ మీకు చేతిలో పని. వాటి వెనక సైన్సు చిన్నది కాదు.

పిల్లల క్షేమం దగ్గర మాకు మొహమాటం లేదు. ఏ పెద్దమనిషీ ఒంటరిగా పిల్లలతో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి. చెయ్యి చేసుకోవడం, తిట్టడం, ఒక పిల్లను ఇంకో పిల్లతో పోల్చి చిన్నబుచ్చడం ఉండకూడదు. తల్లిదండ్రులకు చెప్పకుండా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకూడదు. ఇంటి కరెంటుతో ఏ ప్రయోగమూ వద్దు, సెల్లులు చాలు. యాసిడ్ వద్దు, పాత ఫోను బ్యాటరీ విప్పడం వద్దు, పగిలిన ట్యూబులైటు ముట్టుకోవడం వద్దు. మే ఎండలో నీడ కొలిచే రోజు పిల్లలు గొడుగు కింద కూర్చుంటారు, చుక్క పెట్టేవాళ్లు మాత్రం వంతులవారీగా ఎండలోకి వస్తారు, కుండ నీళ్లు పక్కనే ఉండాలి. పార్టీ జెండాలు, మత ప్రచారం, ట్యూషన్ ప్రకటనలు ఈ పనిలోకి రానివ్వం. వీటికి ఒప్పుకోలేనివారు ఎంత తెలివైనవారైనా మాకు వద్దు.

ఏం చేయాలి?

ఈ కరపత్రం మీ చేతికిచ్చినవాళ్లకే మీ పేరు, మీ గల్లీ, మీకు వచ్చిన పని చెప్పండి. చోటు, టైము వాళ్లే చెబుతారు. ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు శిక్షణ. మొదటి వారం నీడ, రెండో వారం సెల్లు, బల్బు, మూడో వారం అగ్గిపుల్లలు, వాన సీసా. నాలుగో వారం మీరు పిల్లలతో కూర్చుంటారు, మేం పక్కన కూర్చుని చూస్తాం, తర్వాత మాట్లాడుకుంటాం. మే 9న ప్రతి బస్తీలో పిల్లలు నీడ మాయమయ్యే నిమిషం రాసుకుని, సాయంత్రం అన్ని బస్తీల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తారు. మబ్బు పట్టి ఆ రోజు కుదరకపోతే ముందురోజు, మర్నాడు కూడా నీడ దాదాపు లేనట్టే ఉంటుంది. అదీ దాటితే ఆగస్టు ఉంది.

చందా అడగం. మొదటి ఆదివారం వచ్చేటప్పుడు ఒక పొడుగాటి బోల్టు, అట్టముక్క, స్కేలు, పెన్సిలు, తలకు తువ్వాలు, తాగడానికి నీళ్లు తెచ్చుకోండి. గుండు, దారం ఉన్న మేస్త్రీలు అవి కూడా తెండి. పదకొండింటికల్లా చేరండి, ఆలస్యమైతే మొదటి చుక్కలు పోతాయి. మొదటి మూడు వారాలు పిల్లల్ని వెంట తీసుకురావద్దు.